తలుపు మూసేదాకా వినబడిన సినిమాలు

మా ఇల్లు పలాసలో ఒక సినిమా హాలు వెనక సందులో ఉండేది. హాలు గోడకీ మా వీధి గుమ్మానికీ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత దారి, దాని పక్కన మురుగుకాలువ, అంతే. ఇంటి అద్దె తక్కువ. ఎందుకు తక్కువో దిగిన రోజు సాయంత్రమే తెలిసింది. ఫస్ట్ షో మొదలవగానే వంటింట్లో గిన్నెలు సన్నగా అదిరాయి. అమ్మ గోడ వైపు ఒకసారి చూసి, ఒకదానిమీద ఒకటి పేర్చిన గిన్నెలను విడదీసి వేరువేరుగా బోర్లించింది. ఇల్లు మారదామని మాత్రం అనలేదు. నాన్న పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ, అమ్మ కూర్చుని పప్పుకు పొర తీసే షెడ్డు, మేం ఆదివారం వెళ్ళే బాప్టిస్టు చర్చి అన్నీ అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దగ్గర.

మా ఇంట్లో సినిమా పనికిరాదు. చర్చిలో ఎవరో గట్టిగా చెప్పారని కాదు, అమ్మ అలా అనుకుంది. సినిమాకు వెళ్ళే పిల్లలకు ప్రార్థనలో మనసు నిలవదని ఆమె నమ్మకం. నేనూ మా అప్పా ఆ నియమాన్ని పెద్దగా కష్టపడకుండానే పాటించాం. అక్కను మా వైపు అప్ప అంటాం. నాకంటే ఆమె మూడేళ్ళు పెద్దది. కళ్ళకైతే అమ్మ నియమం పెట్టగలిగింది గానీ చెవులకు పెట్టలేకపోయింది. గోడ అవతల రోజుకు నాలుగు ఆటలు నడుస్తుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

నేల టిక్కెట్టు వాళ్ళు లోపలికి వెళ్ళే తలుపులు మా సందులోకే ఉండేవి. మందస నుంచి, బారువ నుంచి బస్సుల మీద వచ్చేవాళ్ళు ఆలస్యంగా దిగి పరిగెత్తుకుంటూ వస్తారని, పేర్లు పడడం అయ్యేదాకా గేటు మనిషి ఆ తలుపులు బార్లా తీసే ఉంచేవాడు. పేర్లు అయిపోగానే తలుపులు మూసి, లోపల మందపాటి తెర లాగేసేవాడు. అంతదాకా మా అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ప్రతి చప్పుడూ చెవి పక్కనే జరుగుతున్నట్టు వినబడేది. ఆ తరువాత దుప్పటి కప్పుకుని ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది. అందుకని మేం సినిమాల మొదళ్ళు మాత్రమే ఎరిగిన పిల్లలమయ్యాం. ఏ కథ ఎలా ముగిసిందో మాకు తెలియదు. ఎలా మొదలైందో మాత్రం, ఆడినన్నాళ్ళూ రోజూ విని, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాళ్ళం.

ముందు మైకులో దేవుడి పాట. తరువాత బెల్లు. ఆ తరువాత తెర పైకి లేస్తుంటే మోటారు మూలుగు. బట్టల కొట్టువాళ్ళ ప్రకటనలు, కాఫీపొడి ప్రకటనలు. అవి అయ్యాక ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ క్షణంలో జనం ఈలలు వేస్తే సెన్సారు కాయితం పడిందని అర్థం. అక్కణ్ణుంచి మా ఆట మొదలయ్యేది. వినబడే చప్పుడును బట్టి తెర మీద ఏం కనబడుతోందో చెప్పాలి. అప్ప కళ్ళు మూసుకుని చెప్పేది. నేను తప్పుపట్టేదాన్ని. ఎవరిది రైటో తేల్చడానికి మా పక్కింట్లో ఒక అత్త ఉండేది.

ఆమె హాలు ముందు బఠాణీలు, ఉడకబెట్టిన పల్లీలు అమ్మేది. ఆట మొదలయ్యాక బయట కొనేవాళ్ళు ఉండరు కాబట్టి లోపలికి వెళ్ళి నిలబడి చూసేది. కొంతసేపు చూసి, ఇంటర్వెల్ బేరానికి పొట్లాలు కట్టుకోవడానికి బయటికి వచ్చేసేది. అంటే ఆమె కూడా మొదళ్ళ మనిషే.

ఒక సినిమా టకటకమని చప్పుడుతో మొదలయ్యేది. ఆగి, మళ్ళీ టకటక. వేగం పెరిగేది, తగ్గేది. గుర్రం మీద ఎవరో వస్తున్నారని అప్ప. కాదు, రైలు పట్టాల మీద పోతోందని నేను. రెండు రోజులు దెబ్బలాడుకున్నాక అత్తను అడిగాం. ఆమె అరుగు మీద కూర్చుని, పల్లీల్లో రాళ్ళు ఏరుతూ చెప్పింది.

“గుర్రమూ లేదు, రైలూ లేదు. బట్టలు కుట్టే మిసను. ముందు సూది సూపించినాడు. తరవాత సక్రం. తరవాత కింద తొక్కుతున్న కాలు. మడిసిని ఆఖర్న సూపించినాడు. ఏడస్తంది.”

 మనిషిని ముందే ఎందుకు చూపించలేదని అప్ప అడిగింది. అత్త నవ్వి, “ముందే సూపించీత్తే నువ్వు సూదిని సూత్తావేటి?” అంది.

అప్పటికి నాకు పదేళ్ళు ఉంటాయేమో. ఆ మాట నాకు అర్థమైందని చెప్పను. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు మాత్రం, అమ్మ చేతిలోని గరిటెనూ, జీడి జిడ్డుకు నల్లబడిన ఆమె వేళ్ళనూ చూసి, ఆ తరువాతే తల ఎత్తి ఆమె ముఖం చూశాను.

ఇంకో సినిమా సముద్రం హోరుతో మొదలయ్యేది. అప్పకు ఆ హోరు బాగా తెలుసు. మా నాన్నమ్మ ఊరు బారువ పక్కనే. ఆ సినిమాలో బారువ లాంటి తీరంలో ఒక ఆడమనిషి ఇసుకలో నిలబడి, వేటకు వెళ్ళిన పడవ కోసం ఎదురుచూస్తోందని అప్ప తేల్చేసింది. ఆ మనిషి చీర కొంగు ఎటు ఎగురుతోందో కూడా చెప్పింది. తీరా అత్త చెప్పినది వేరు. తెర మీద సముద్రమే లేదట. పట్నంలో ఒక చిన్న గది, తిరిగే ఫ్యాను, మంచం మీద ఒక మగమనిషి. సముద్రం అతని తలలో ఉందని అత్త అంది. వినబడేది ఒకటి, కనబడేది ఇంకొకటి కావచ్చునని మాకు ఆ రోజే తెలిసింది. అప్పకు మాత్రం కోపం వచ్చింది. తన ఆడమనిషిని ఎవరో తీసేసినట్టు రెండు రోజులు ముభావంగా తిరిగింది.

ఈ ఆటంతా అమ్మకు తెలుసు. ఒక్కసారి కూడా వద్దనలేదు. వినబడనట్టు బియ్యం చెరుగుతూ ఉండేది.

అప్పకు కవిటి సంబంధం కుదిరింది. మా బావకు కొబ్బరితోట కొంచెం, ఆటో ఒకటి ఉన్నాయి. పెళ్ళయిన నెలకే అప్పను సోంపేటలో సినిమాకు తీసుకెళ్ళాడు. పుట్టింటికి వచ్చినప్పుడు అప్ప ఆ సంగతి అమ్మకు తెలియకుండా నాకు పెరట్లో చెప్పింది. ఎలా ఉందని ఆత్రంగా అడిగాను. బాగానే ఉందట గానీ, అంతా ముందే కనబడిపోతే ఇక తను చెయ్యడానికి ఏమీ మిగల్లేదట.

నేను ఇంటర్ అయ్యాక కాశీబుగ్గలో ఒక ఫొటో స్టూడియోలో చేరాను. పెళ్ళి వీడియోలు కంప్యూటర్లో కత్తిరించి అతికించే పని. మా యజమాని దగ్గర అన్ని పెళ్ళిళ్ళకూ ఒకటే మొదలు ఉండేది. సూర్యోదయం, తిరిగే గులాబీ, రెండు హంసలు, వాటి మధ్య నుంచి ఎగురుకుంటూ వచ్చే వధూవరుల పేర్లు. క్రైస్తవుల పెళ్ళయితే హంసల బదులు పావురాలు. దానికి ఒక సన్నాయి ముక్క, లేదా చర్చి గంట. పదిహేను రోజుల్లో నేను అది కళ్ళు మూసుకుని చెయ్యగలిగాను. సంవత్సరం తిరిగేసరికి ఆ గులాబీ తిరుగుతుంటే నాకు తల తిరిగేది.

బారువలో ఒక మత్స్యకారుల ఇంట పెళ్ళి జరిగింది. కెమెరా అతను పెళ్ళికూతురి గదిలో కెమెరా ఆన్ చేసి, మూత తియ్యడం మరిచిపోయాడు. చాలాసేపు బొమ్మ లేదు, చప్పుళ్ళు మాత్రం పడ్డాయి. గాజులు చేతికి ఎక్కిస్తున్నారు. ఒక ముసలమ్మ దగ్గుతోంది. ఎవరో నెమ్మదిగా తొడగమంటున్నారు. దూరంగా ఒడ్డున పడవ ఇంజను పట్టీ పట్టనట్టు కొట్టుకుంటోంది. నేను అది వింటూ అలాగే కూర్చుండిపోయాను. చిన్నప్పటి మా అరుగు మీద ఉన్నట్టే ఉంది.

ఆ వీడియోకు గులాబీ పెట్టలేదు. నల్లటి తెర మీద ముందు ఆ గాజుల చప్పుడు పెట్టాను. గాజు మణికట్టు దాటి దిగిన చప్పుడు దగ్గర కోసి, పసుపు రాసిన పాదాన్ని తెచ్చాను. తరువాత ముసలమ్మ చెయ్యి. తరువాత తలుపు సందులోంచి కనబడే ఇసుక. పెళ్ళికూతురి ముఖం అన్నిటికంటే ఆఖరున వచ్చింది. కోసే చోటు కంటితో కాదు, చెవితో వెతుక్కున్నాను. నాకు వేరే విధం తెలియదు.

వారానికి పెళ్ళికూతురి తండ్రి స్టూడియోకు వచ్చాడు. సీడీ పాడైపోయిందన్నాడు, మొదట్లో బొమ్మ రావడం లేదన్నాడు. మంచి మనిషి, కేకలు వెయ్యలేదు. మా యజమాని నన్ను చూసి, ఆయన ముందే గులాబీ, హంసలు పెట్టించి వేరే సీడీ ఇప్పించాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ పని మానేసి జీడి షెడ్డులో కూర్చుందామా అని కూడా అనుకున్నాను. రెండు రోజుల తరువాత ఆ అమ్మాయే వచ్చింది. అత్తారింటికి వెళ్ళబోతూ దారిలో ఆటో ఆపించుకుని దిగింది.

“అక్కా, ముందు సేసిన సీడీ ఉందా, పారీసినారా?”

ఉందన్నాను.

“అదీ కావాల. రెండూ కావాల. అందులో మా నానమ్మ దగ్గు ఇనబడతంది.”

నేను ఆ ఉద్యోగంలో ఉండిపోయాను. ఇప్పటికీ అదే స్టూడియోలో ఉన్నాను. ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ డ్రోనుతో మొదలవుతున్నాయి. కవిటి వైపు పెళ్ళయితే డ్రోను లేచాక ఊరే కనబడదు, కొబ్బరి తలలు తప్ప. అది కూడా బాగానే ఉంటుంది. నేను దాని కింద వీలైనప్పుడల్లా ఏదో ఒక ఇంటి చప్పుడు పెడతాను. కొందరు తీసెయ్యమంటారు. తీసేస్తాను.

అప్పకు జబ్బు చేసింది నలభై దాటాక. ముందు కాళ్ళవాపులు, తరువాత రక్తపరీక్ష. కిడ్నీల జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో క్రియాటినిన్ అంటే ఏమిటని అడిగేవాళ్ళు లేరు. ఎంతుందని మాత్రమే అడుగుతారు. కొన్నేళ్ళు మందులతో నడిచింది. తరువాత పలాస ఆసుపత్రిలో డయాలిసిస్ మొదలుపెట్టారు. వారానికి మూడుసార్లు బావ ఆటోలో దించి వెళ్ళేవాడు. నేను స్టూడియో నుంచి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమె మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. తోటనిండా కొబ్బరికాయలు ఉన్నా అప్ప కొబ్బరినీళ్ళు తాగకూడదు. తాగే మంచినీళ్ళకు కూడా కొలత ఉంది.

మిషను నడిచే ఆ నాలుగు గంటలూ గడవడం కష్టం. అప్పకు మాట్లాడే ఓపిక ఉండదు, నిద్రా పట్టదు. ఒకరోజు, ఊరికే, ఆ కుట్టుమిషను సినిమా పేరేమిటని అడిగింది. నాకు గుర్తుంది. మా సందు గోడ మీద పోస్టరు అంటించేవాళ్ళు కాబట్టి పేర్లన్నీ మాకు తెలుసు. ఫోన్లో వెతికాను. దొరికింది. ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో పెట్టుకున్నాం. అప్ప వెంటనే కళ్ళు మూసుకుంది. టకటకమని మొదలైంది. సూది, చక్రం, కాలు అన్నీ అత్త చెప్పిన వరసలోనే వచ్చాయి. ఆఖరున ఆడమనిషి ముఖం వచ్చింది. నేను అప్ప భుజం తట్టి కళ్ళు తెరిపించాను.

ఆ మనిషి ఏడవడం లేదు. పళ్ళమధ్య దారం పట్టుకుని, పనిలో మునిగి, మామూలుగా ఉంది. ఏడుపు మా అత్త కలిపిందన్నమాట. అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఆ రోజు ఆ చీకట్లో నిలబడి ఏం చూసిందో, ఎందుకు అలా చెప్పిందో ఇక అడగలేం. అప్ప, “పాపం, ఆవిడికేటి బాధ ఉందో” అంది. ఎవరిని గురించి అందో నాకు తెలుసు.

అప్పటినుంచి ప్రతిసారీ ఒకటి చూసేవాళ్ళం, మొదలు మాత్రమే. పేర్లు పడడం అయిపోగానే నేను ఆపేసేదాన్ని. అది అలవాటు, ఇద్దరికీ. సముద్రం సినిమా కూడా దొరికింది. గది, ఫ్యాను, మంచం మీద మనిషి. అప్ప చూసి, ఇప్పటికీ తన సినిమాయే బాగుందంది. మాకు అన్నిటికంటే ఇష్టమైన మొదలు ఒకటి ఉండేది. దూరం నుంచి డప్పు, దాని మీద ఒక చంటిపిల్ల నవ్వు, తరువాత వాన. ఆ సినిమా తెరిస్తే అందులో డప్పూ లేదు, పిల్లా లేదు. పేరు తప్పుగా గుర్తుపెట్టుకున్నామేమో, లేక అది ఏదో ప్రకటన అయి ఉంటుందేమో. మూడు నాలుగు వేరే సినిమాలు కూడా తెరిచి చూశాం. దొరకలేదు.

ఒక మధ్యాహ్నం ఇయర్‌ఫోన్ పాడై, ఫోన్ని తలగడ మీద పెట్టి చిన్నగా వింటున్నాం. అమ్మ మా వైపు వీపు పెట్టి, మంచం చివర దుప్పటి మడతపెడుతోంది. ఏదో మెట్లమీద చెప్పుల చప్పుడు, ఒక గొలుసు తీసిన చప్పుడు వచ్చాయి. అమ్మ వెనక్కి తిరగకుండానే అంది.

“ఇప్పుడు పిట్ట అరుత్తాది.”

అరిచింది. మేమిద్దరం ఆమె వైపు చూశాం. అమ్మ దుప్పటి నాలుగో మడత కూడా పూర్తిచేసి, దాన్ని కాళ్ళ దగ్గర పెట్టింది.

“నీకెలగ తెలుసమ్మా?” అని అప్ప అడిగింది.

“తెలీకేటి. మీరిద్దరూ అరుగు మీద కూకున్నారు, నాను పొయ్యి కాడ కూకున్నాను. గోడ నాకూ అంతే దూరం.”

ఆ తరువాత ఆమె, ఆ పిట్ట పంజరంలో ఉంటుందా, బయట ఉంటుందా అని అడిగింది. ఇన్నేళ్ళూ అదే అనుమానంగా ఉందట. నేను ఫోన్ ఆమె ముందు పెట్టి ఆ ముక్క మళ్ళీ వేశాను. పంజరంలోనే ఉంది. అమ్మ తల ఊపి, క్యారేజీ విప్పింది.

అమ్మను హాలుకు తీసుకెళ్దామన్నది అప్పే. డయాలిసిస్ లేని రోజు, మ్యాట్నీకి. అమ్మ ఒప్పుకోదనే నేను అనుకున్నాను.  మర్నాడు ప్రార్థన అయ్యాక ఆమె, “ఇనడం పాపం కానప్పుడు సూడ్డం మాత్రం ఎందుకవుతాది” అంది. అడిగినట్టు లేదు, తేల్చుకున్నట్టు ఉంది.

మా పాత హాలు ఎప్పుడో మూసేశారు. కొత్తది రోడ్డు మీద ఉంది, గోడలు మందం, బయటికి చీమ చప్పుడు రాదు. అమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. చర్చికి తీసుకెళ్ళే సంచిలోనే కళ్ళజోడు పెట్టుకుంది. బావ మమ్మల్ని దించి, బేరానికి వెళ్ళాడు. అప్పను మధ్యలో కూర్చోబెట్టాం.

పొగ తాగొద్దన్న ప్రకటన వచ్చింది. వాళ్ళకూ వీళ్ళకూ కృతజ్ఞతలు వచ్చాయి. తరువాత తెర నల్లబడింది. ఎడమ వైపు ఎక్కడో గిలక కిర్రుమంది. బావిలోంచి చేద పైకి వస్తున్న చప్పుడు మెల్లగా మా తలల మీదుగా కుడి వైపుకు నడిచింది. అమ్మ తల దానితోపాటే తిరిగింది. వెనక నుంచి రాతి మీద తడిబట్ట బాదిన దెబ్బ పడింది. అమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసి, వెనక సీట్లో కుర్రాళ్ళు తప్ప ఎవరూ లేకపోవడంతో అప్ప చెయ్యి పట్టుకుంది. రెండో దెబ్బకు తెర ఒక్కసారిగా తెల్లగా అయిపోయింది. అది వెలుగనుకున్నాం. కాసేపటికి ఆ తెలుపు కదిలింది. అది ఆరేసిన చీర. గాలికి అది పక్కకు తప్పుకుంటే దాని వెనక పెద్ద ఇంటి ముందు ఒక పడుచు కనబడింది. పేర్లు ఆ చీర మీదే పడడం మొదలుపెట్టాయి.

నేను తెరను చూడడం మానేసి వాళ్ళిద్దరినీ చూశాను. అప్ప ఈసారి కళ్ళు మూసుకోలేదు. తెర తెలుపు ఆమె ముఖం మీద పడుతోంది. జబ్బు చేశాక ఆమె ముఖం అంత తేటగా నేను చూడలేదు.

ఇంటర్వెల్ నాటికి అప్ప అలసిపోయింది. నడుము నొప్పి అంది. బావకు ఫోన్ చేశాను, సోంపేట దారిలో ఉన్నాడు, తిరిగి వచ్చాడు. నేను అప్పను నెమ్మదిగా మెట్లు దించి ఆటోలో కూర్చోబెట్టాను. అమ్మను పిలుద్దామని లోపలికి వెళ్తే, ఆమె సీట్లోంచి లేవలేదు.

“మీరెల్లండి. నాను ఆఖరుదాకా సూసి వత్తాను.”

ఒక్కదానివి ఎలా వస్తావని అడిగాను. ఇన్నేళ్ళు పలాసలో ఉన్నదాన్ని, ఇంటికి దారి తెలియదా అంది. బయటికి వచ్చి అప్పతో చెప్పాను. అప్ప నవ్వడం మొదలుపెట్టి, నడుము పట్టుకుని, నవ్వు ఆపుకోలేక బావ భుజానికి ఆనుకుంది. బావకు ఏమీ అర్థం కాలేదు. అమ్మ దగ్గర ఉండమని నాతో చెప్పి, వాళ్ళిద్దరూ కవిటి వెళ్ళిపోయారు.

నేను వెళ్ళేసరికి లోపల దీపాలు ఆరిపోయాయి, సినిమా నడుస్తోంది. తడుముకుంటూ వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, ఏమైందమ్మా అని చెవిలో అడిగాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, మాట్లాడొద్దన్నట్టు నొక్కింది.

“ఒల్లకుండవే. సూడనీ.”